వాలుపలకపై దొర్లిన గుండు: గెలీలియో జీవితగాథ

ఏ పాఠశాలలోనైనా చలనాన్ని గురించిన పాఠం ప్రయోగశాల బల్లమీద కొన్ని సామాన్య వస్తువులతోనే ఆరంభమవుతుంది. ఒక చివర ఎత్తుగా నిలిపిన చెక్కపలక, దానిపై దొర్లే లోహపు గుండు, దారానికి వేలాడే లోలకం, కాలాన్ని కొలిచే గడియారం. వీటిలో మొదటి మూడూ వడ్రంగి, కమ్మరి తలచుకుంటే ఒక పూటలో తయారుచేసి ఇవ్వగలిగినవే. అయినప్పటికీ పైనుంచి విడిచిన వస్తువు ఏ నియమాన్ని అనుసరించి కింద పడుతుందన్న ప్రశ్నకు దాదాపు రెండువేల సంవత్సరాల పాటు గ్రంథాలలో వెదికినా దొరకని తృప్తికరమైన సమాధానం ఈ సామాన్య వస్తువుల వద్దనే దొరికింది. దానిని రాబట్టినవాడు గెలీలియో గెలిలీ.

లోకం గెలీలియోను ముఖ్యంగా రెండు కారణాల వల్ల స్మరిస్తుంది. దూరదర్శినిని ఆకాశంవైపు తిప్పి చంద్రునిపై పర్వతాలను, గురుగ్రహం చుట్టూ తిరిగే ఉపగ్రహాలను చూపినవాడతడు. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతున్నదని సమర్థించినందుకు మతవిచారణ న్యాయస్థానం ఎదుట మోకరిల్లవలసి వచ్చినవాడూ అతడే. ఈ రెండు ఘట్టాల ప్రాభవంలో మూడవ విషయం కొంత మరుగున పడింది. గెలీలియో ఇరవై ఒక్క సంవత్సరాలు విశ్వవిద్యాలయాలలో పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుడు. తన ఇంట్లోనే పరికరాల పనిశాలను నడిపిన పనిమంతుడు. అతని జీవితంలోని చిట్టచివరి గ్రంథం, శాస్త్రలోకానికి అన్నిటికన్న ఎక్కువగా ఉపకరించిన గ్రంథం, ఆకాశాన్ని గురించినది కాదు. వాలుపలకను, గుండును, నీటిపాత్రను గురించినది.

వాద్యకారుని ఇంటి బిడ్డ

గెలీలియో 1564 ఫిబ్రవరి 15వ తేదీన ఇటలీ దేశంలోని పీసా నగరంలో జన్మించాడు. తండ్రి విన్సెంజో గెలిలీ ల్యూట్ అనే తంత్రీవాద్యంలో నిపుణుడు, సంగీతశాస్త్రవేత్త. తల్లి జూలియా అమ్మనాతి. ఆ దంపతుల సంతానంలో గెలీలియోయే పెద్దవాడు.

ఆ కాలంలో సంగీతశాస్త్రజ్ఞులు స్వరాల నడుమ ఉన్న నిష్పత్తులను పూర్వగ్రంథాల నుంచి యథాతథంగా స్వీకరించేవారు. విన్సెంజో అట్లా స్వీకరించలేదు. తీగలకు బరువులు వేలాడదీసి, వాటిని మీటి, విని పరీక్షించాడు. తీగ పొడవు సగమైతే స్వరం ఒక స్థాయి పెరుగుతుంది; అదే పెరుగుదలను బరువు పెంచి సాధించాలంటే మాత్రం బరువును రెండింతలు కాదు, నాలుగింతలు చేయాలని అతడు కనుగొన్నాడు. శతాబ్దాలుగా అందరూ వల్లించిన ఒక లెక్క ఇంట్లో ఉన్న తీగకు నిలువలేకపోవడం కుమారుడు కన్నులారా చూసి ఉండవచ్చు. గ్రంథంలో ఉన్నదానిని చేతితో పరీక్షించవచ్చునన్న ధైర్యానికి బీజం ఆ ఇంట్లోనే పడిందని చరిత్రకారులు భావిస్తారు.

తండ్రి కోరిక మేరకు గెలీలియో 1581లో పీసా విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యార్థిగా చేరాడు. వైద్యం చదివితే కుటుంబం స్థిరపడుతుందని తండ్రి ఆశ. కాని 1583 ప్రాంతంలో ఓస్తీలియో రిచ్చి అనే గణితాచార్యుని పాఠాలు వినే అవకాశం కలిగింది. యూక్లిడ్ రేఖాగణితం ఆ యువకుని మనసును పూర్తిగా ఆకట్టుకున్నది. 1585లో పట్టా లేకుండానే విశ్వవిద్యాలయాన్ని విడిచి, ఇంటివద్ద గణితం బోధిస్తూ జీవనం సాగించాడు. మరుసటి సంవత్సరం, వస్తువులను నీటిలో తూచి వాటి సాంద్రతలను పోల్చే ఒక సున్నితమైన త్రాసును వర్ణిస్తూ చిన్న పుస్తకం వ్రాశాడు. అతని తొలి రచన ఒక పరికరాన్ని గురించినది కావడం గమనించదగిన విషయం.

పీసా నగరపు కథలు

1589లో గెలీలియో పీసా విశ్వవిద్యాలయంలోనే గణితోపాధ్యాయుడుగా నియమితుడయ్యాడు. ఏడాదికి 60 స్కూడీల స్వల్ప వేతనం. ఆ నగరంతో ముడిపడి రెండు ప్రసిద్ధమైన కథలు పాఠ్యపుస్తకాలకెక్కాయి.

మొదటిది, దేవాలయంలో ఊగే దీపాన్ని చూసి, నాడిని గడియారంగా చేసుకొని, ఊపు పెద్దదైనా చిన్నదైనా పట్టే కాలం ఒకటేనని అతడు విద్యార్థిదశలోనే గ్రహించాడన్న కథ. నేడు ఆ దేవాలయంలో సందర్శకులకు చూపే దీపం 1587లో వ్రేలాడదీసినది. కథ జరిగినట్లు చెప్పే కాలానికి అది అక్కడ లేదు. రెండవది, వాలిన గోపురం పైనుంచి బరువైన గుండును, తేలికైన గుండును ఒకేసారి విడిచి పండితులను అబ్బురపరచాడన్న కథ. దీనిని వ్రాసినవాడు అతని శిష్యుడు వివియాని. గెలీలియో రచనలలో మాత్రం ఈ ప్రదర్శన ప్రసక్తి లేదు.

కథలకన్న ఆసక్తికరమైనది వాస్తవం. బరువైన వస్తువు తన బరువుకు తగినంత వేగంగా పడుతుందన్న అరిస్టాటిల్ అభిప్రాయాన్ని గెలీలియో పీసాలో ఉన్నప్పుడే తిరస్కరించాడు. అయితే దాని స్థానంలో అతడు నిలిపిన సిద్ధాంతం కూడా తప్పే. పడే వేగం వస్తువు సాంద్రతపై ఆధారపడుతుందని, ఒక్కొక్క పదార్థానికి ఒక్కొక్క స్థిరమైన వేగం ఉంటుందని అప్పటి చేతివ్రాతలో ప్రతిపాదించాడు. వేగం క్షణక్షణం పెరుగుతూ పోవడమే పతనంలోని అసలు సంగతి అని ఇంకా గ్రహించలేదు. ఆ వ్రాతను అతడు జీవితకాలంలో అచ్చువేయించలేదు. మేధాశక్తికి లోటు లేదు, తర్కానికి లోటు లేదు. లేనిదల్లా పడే వస్తువును నిదానింపజేసి చూపగల సాధనం.

పాదువాలో పనిశాల

1591లో తండ్రి మరణించాడు. తమ్ముని పోషణ, చెల్లెళ్ల కట్నాల భారం జ్యేష్ఠుడైన గెలీలియోపై పడ్డాయి. 1592లో వెనిస్ గణరాజ్యానికి చెందిన పాదువా విశ్వవిద్యాలయంలో అతనికి 180 ఫ్లోరిన్ల వార్షిక వేతనంతో ఉద్యోగం లభించింది. అక్కడ గడిపిన పద్దెనిమిది సంవత్సరాలే తన జీవితంలో సుఖవంతమైన కాలమని అతడు వృద్ధాప్యంలో తలచుకునేవాడు.

వేతనం కుటుంబ భారానికి చాలేది కాదు. కావున గెలీలియో తన ఇంటినే చిన్న విద్యాలయంగా మార్చాడు. దేశదేశాల నుంచి వచ్చిన విద్యార్థులు అతని ఇంటనే బసచేసి, భోజనం చేసి, గణితం, కోటల నిర్మాణం, యంత్రశాస్త్రం నేర్చుకునేవారు. 1599లో మార్కాంటోనియో మజ్జొలేని అనే పరికరాల పనివానిని సకుటుంబంగా తన ఇంటికి రప్పించుకున్నాడు. సైనికులకు, నిర్మాణకారులకు లెక్కలు సులభం చేసే ఇత్తడి వృత్తలేఖిని వంటి సాధనం ఆ పనిశాలలోనే తయారయ్యేది. దానిని అమ్మగా వచ్చిన దానికన్న, దాన్ని ఉపయోగించే విధానాన్ని బోధించగా వచ్చిన రాబడే ఎక్కువ. 1606లో ఆ సాధనానికి వ్రాసిన వివరణ పుస్తకాన్ని గెలీలియో పండితభాష అయిన లాటిన్‌లో కాక, జనం మాట్లాడే ఇటాలియన్‌లో అచ్చువేయించాడు.

గృహజీవితం కూడా పాదువా కాలంలోనే ఏర్పడింది. మరీనా గాంబా అనే వెనిస్ స్త్రీతో అతనికి ముగ్గురు సంతానం కలిగారు: 1600లో వర్జీనియా, 1601లో లివియా, 1606లో విన్సెంజో. ఆమెను శాస్త్రోక్తంగా వివాహమాడలేదు. ఆ కారణంగా కుమార్తెలకు తగిన సంబంధాలు దొరకవని భావించి, తరువాతి కాలంలో ఇద్దరినీ సన్యాసినుల మఠానికి పంపాడు. తండ్రిగా అతడు తీసుకున్న ఈ నిర్ణయం నేటి పాఠకునికి కఠినంగా తోచక మానదు.

పలక చెప్పిన లెక్క

పడే వస్తువును పరిశీలించడంలో చిక్కు దాని వేగంలోనే ఉంది. 7 మీటర్ల ఎత్తు నుంచి విడిచిన గుండు సుమారు 1.2 సెకన్లలో నేలను తాకుతుంది. సెకన్లను నమ్మకంగా చూపే గడియారం అందుబాటులో లేని కాలంలో ఆ స్వల్ప వ్యవధిని భాగాలుగా కొలవడం అసాధ్యం. గెలీలియో ఆలోచన ఈ చిక్కును విప్పింది. నిలువుగా పడనీయకుండా గుండును స్వల్పమైన వాలుపై దొర్లిస్తే పతనం మందగిస్తుంది. అయితే వేగం పెరిగే క్రమం మాత్రం మారదు. పతనాన్ని పలుచన చేసి చూడడమన్నమాట.

అతడు వాడిన పరికరాన్ని చివరి గ్రంథంలో సవివరంగా వర్ణించాడు. 12 మూరల పొడవు, అర మూర వెడల్పు, మూడు వేళ్ల మందం గల చెక్కదూలం. ఫ్లోరెన్స్ మూర మన మూరకన్న పెద్దది; దూలం పొడవు సుమారు 7 మీటర్లు. దాని అంచున వేలి వెడల్పుకన్న కొంచెం ఎక్కువగా నిటారైన గాడి తొలిచి, నునుపు చేసి, లోపల నున్నని తోలుకాగితం అతికించాడు. గట్టిగా, గుండ్రంగా, నునుపుగా ఉన్న కంచుగుండును ఆ గాడిలో విడిచాడు. దూలం ఒక కొనను ఒకటి రెండు మూరల ఎత్తు మాత్రమే లేపాడు. ఒక మూర ఎత్తు లేపిన అటువంటి దూలంపై గుండు పైనుంచి కిందికి చేరడానికి నేటి లెక్క ప్రకారం సుమారు 5 సెకన్లు పడుతుంది. నిలువు పతనం కన్న నాలుగింతల వ్యవధి.

కాలాన్ని కొలవడానికి అతడు పెద్ద పాత్రలో నీరు నింపి, అడుగున సన్నని గొట్టం అమర్చాడు. గుండును విడిచినప్పుడు నీటిధారను కింద గాజుపాత్రలోకి పట్టి, గుండు గమ్యం చేరగానే ఆపాడు. చేరిన నీటిని సున్నితమైన త్రాసులో తూచాడు. నీటి బరువు ఎంతో కాలం అంత. ఈ ప్రయోగాన్ని నూరుసార్లు చేసి చూశానని అతడు వ్రాశాడు.

నీటి బరువులు స్పష్టమైన క్రమాన్ని చూపాయి. పలకలో నాలుగవ వంతు దూరం దొర్లడానికి మొత్తం కాలంలో సరిగా సగం పట్టింది. మొదటి క్షణంలో గుండు ఒక జాన దొర్లితే, రెండవ క్షణంలో మూడు జానలు, మూడవ క్షణంలో ఐదు, నాలుగవ క్షణంలో ఏడు. 1, 3, 5, 7 అనే బేసిసంఖ్యల వరుస అది. వీటిని కూడుతూ పోతే 1, 4, 9, 16 వస్తాయి. అంటే దూరం కాలవర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. పలక వాలును మార్చినా వరుస మారలేదు. వాలును పెంచుతూ పోతే చివరకు వచ్చేది నిలువు పతనమే కాబట్టి, ఆకాశం నుంచి పడే రాయికీ అదే లెక్క వర్తిస్తుంది.

ఈ నియమం ఒక్కనాటితో తేలలేదు. లోలకాన్ని, వాలుతలాన్ని గురించి 1602లో గ్విడోబాల్డో దెల్ మోంతె అనే మిత్రునికి వ్రాసిన లేఖలో కృషి ఆరంభం కనిపిస్తుంది. 1604లో పావొలో సార్పికి వ్రాసిన లేఖలో బేసిసంఖ్యల వరుసను సరిగానే ప్రకటించాడు. కాని దానికి చూపిన కారణం తప్పు. వేగం ప్రయాణించిన దూరాన్ని బట్టి పెరుగుతుందని అప్పట్లో అతడు నమ్మాడు. వేగం పెరిగేది గడిచిన కాలాన్ని బట్టి అని గ్రహించడానికి మరికొంత కాలం పట్టింది. కొలత ఒప్పు, వివరణ తప్పు అయినప్పుడు అతడు కొలతను పట్టుకొని వివరణను విడిచిపెట్టాడు. గెలీలియో శాస్త్రమార్గానికి ఇంతకన్న మంచి ఉదాహరణ లేదు.

మేకు, దారం, రెండు వాలులు

వాలుపలకతోపాటు మరి రెండు చిన్న ప్రయోగాలు అతని బోధనలో ముఖ్యమైనవి. గోడకు మేకు కొట్టి, సన్నని దారంతో సీసపు గుండును వేలాడదీసి, ఒక ప్రక్కకు లాగి విడిస్తే అది రెండవ ప్రక్క దాదాపు అదే ఎత్తుకు చేరుతుంది. దారం దారిలో అడ్డుతగిలేట్లు రెండవ మేకు కొడితే గుండు చిన్న వృత్తంలో తిరగవలసి వస్తుంది. అయినా చేరే ఎత్తు మాత్రం అదే. కిందికి దిగేటప్పుడు సంపాదించిన వేగం, ఏ దారిలో పంపినా, తిరిగి అంత ఎత్తుకే ఎక్కించగలదని దీనివల్ల తెలిసింది.

రెండవది, ఎదురెదురుగా ఉంచిన రెండు వాలుపలకలను గురించిన ఆలోచన. ఒకదానిపై దిగిన గుండు రెండవదానిపై అంత ఎత్తు ఎక్కాలని చూస్తుంది. రెండవ పలక వాలు తగ్గిస్తే, అంత ఎత్తు చేరడానికి మరింత దూరం పోతుంది. ఇక ఆ పలకను సమతలంగా పరిస్తే? ఎక్కవలసిన ఎత్తు లేదు కాబట్టి, ఘర్షణ అడ్డు లేకుంటే, ఆగవలసిన కారణమే లేదు. కదిలే వస్తువును కదిలిస్తూ ఉండడానికి నిరంతరం బలం కావాలన్న ప్రాచీన భావన ఇక్కడ కూలిపోయింది. జడత్వ నియమానికి ఇది తొలిమెట్టు. దానిని సరళరేఖా చలన నియమంగా పరిపూర్ణం చేసిన యశస్సు తరువాతి తరానిది.

గెలీలియో చెప్పినదంతా నిర్దుష్టం కాదు. లోలకం ఊపు ఎంత పెద్దదైనా కాలం మారదని అతడు భావించాడు. అది చిన్న డోలనాలకు మాత్రమే దాదాపు నిజం. సముద్రపు ఆటుపోట్లకు అతడిచ్చిన వివరణ కూడా నిలువలేదు. 1632 నాటి గ్రంథంలో 100 మూరల ఎత్తు నుంచి పడే గుండుకు 5 సెకన్లు పడుతుందని వ్రాశాడు. నిజానికి 5 సెకన్లలో గుండు దానికి రెండింతలకన్న ఎక్కువ దూరం పడుతుంది. పతనపు క్రమాన్ని సరిగా పట్టుకున్నవాడు దాని పరిమాణాన్ని సరిగా పట్టుకోలేకపోయాడు.

ఆకాశం నుంచి న్యాయస్థానానికి

1609లో దూరదర్శిని వార్త వెనిస్ చేరడంతో గెలీలియో జీవితం మలుపు తిరిగింది. తన చేతులతోనే కటకాలు నూరి మెరుగైన దూరదర్శినులను తయారుచేసి, 1610లో తన ఆవిష్కరణలను ప్రకటించాడు. అదే సంవత్సరం టస్కనీ ప్రభువు కొలువులో తత్త్వవేత్తగా, గణితవేత్తగా నియమితుడై ఫ్లోరెన్స్ చేరాడు. వాలుపలక కాగితాలు చాలాకాలం మూలనపడ్డాయి.

1612 తరువాత ప్రధాన రచనలను అతడు ఇటాలియన్‌లోనే సాగించాడు. విశ్వవిద్యాలయ విద్యకు నోచుకోని వారికి కూడా ప్రకృతిని చూసే కన్నులు, ఆలోచించే బుద్ధి ఉన్నాయని, లాటిన్ రానంత మాత్రాన వారు శాస్త్రానికి దూరం కారాదని అతని అభిప్రాయం. ఈ నిర్ణయం వల్ల పాఠకులు పెరిగారు, శత్రువులూ పెరిగారు.

కోపర్నికస్ సిద్ధాంతాన్ని సమర్థించరాదని 1616లో మతాధికారులు హెచ్చరించారు. 1632లో భూభ్రమణాన్ని చర్చించే సంవాద గ్రంథం వెలువడింది. దానిపై విచారణ జరిగి, 1633 జూన్ 22వ తేదీన రోమ్ నగరంలో, అరవై తొమ్మిదేళ్ల వృద్ధుడు మోకాళ్లపై నిలబడి తన అభిప్రాయాన్ని విడిచిపెట్టుతున్నట్లు ప్రమాణం చేశాడు. గ్రంథం నిషేధానికి గురైంది. చెరసాల శిక్ష గృహనిర్బంధంగా మారింది. ప్రమాణం ముగించి లేస్తూ భూమి తిరుగుతూనే ఉన్నదని అతడు గొణిగినట్లు చెప్పే కథకు ఆనాటి ఆధారం లేదు.

మరల ఆ పలక వద్దకు

ఇక్కడితో గెలీలియో జీవితం ముగిసిపోయి ఉంటే ఎవరూ ఆశ్చర్యపడేవారు కారు. ఆకాశాన్ని గురించి వ్రాయడానికి వీలులేదు. చూపు మందగిస్తున్నది. ఆరోగ్యం దెబ్బతిన్నది. ఆ స్థితిలో సియెనా నగర ప్రధాన మతగురువు అస్కానియో పికొలొమిని అతనిని సుమారు ఐదు మాసాలు తన ఇంట ఆదరించి, తిరిగి పనికి పురికొల్పాడు. గెలీలియో మూలనపెట్టిన పాదువా నాటి కాగితాలవైపు మరలాడు. భూమి తిరుగుతున్నదో లేదో చెప్పకుండా, పలకపై గుండు ఎట్లా దొర్లుతుందో చెప్పడాన్ని ఏ తీర్పూ నిషేధించలేదు.

1633 డిసెంబరులో ఫ్లోరెన్స్ సమీపంలోని అర్చెత్రి గ్రామంలో ఉన్న తన ఇంటికి చేరడానికి అనుమతి లభించింది. మఠంలో మరియా చెలెస్తె అన్న పేరుతో జీవిస్తున్న పెద్దకుమార్తె వర్జీనియా ఆ సమీపంలోనే ఉండేది. తండ్రి ఇంటి వ్యవహారాలను దూరం నుంచే చక్కబెడుతూ, శిక్షలో భాగంగా అతడు చదువవలసిన ప్రార్థనలను తానే చదివిపెట్టిన కుమార్తె ఆమె. తండ్రి తిరిగివచ్చిన నాలుగు నెలలకే, 1634 ఏప్రిల్ 2వ తేదీన, ముప్పై మూడేళ్ల వయసులో ఆమె మరణించింది. గెలీలియో దుఃఖం వర్ణనాతీతం. అయినా పని ఆగలేదు.

అతని రచనలను అచ్చువేయరాదన్న ఆంక్ష ఉండడం వల్ల వ్రాతప్రతి దేశం దాటవలసి వచ్చింది. 1638లో హాలెండు దేశంలోని లైడెన్ నగరంలో ఎల్జివిర్ ముద్రాపకులు రెండు నూతన శాస్త్రాలపై అతని గ్రంథాన్ని ప్రచురించారు. పదార్థాల దృఢత్వం ఒక శాస్త్రం, చలనం రెండవ శాస్త్రం. ముగ్గురు మిత్రుల సంభాషణగా ఇటాలియన్‌లో సాగే ఆ గ్రంథం, వెనిస్ నౌకానిర్మాణశాలలోని పనివారి నేర్పును ప్రశంసిస్తూ ఆరంభమవుతుంది. విసిరిన వస్తువు మార్గం పరావలయమని నిరూపించినదీ ఇందులోనే. ముద్రితమైన పుస్తకం చేతికందే నాటికి గ్రంథకర్త రెండు కళ్లూ కోల్పోయాడు.

1639లో వివియాని అనే పదిహేడేళ్ల యువకుడు అంధుడైన గురువుకు సహాయకుడుగా వచ్చి చేరాడు. 1641లో టారిసెల్లి కూడా వచ్చాడు. ఆ చివరి సంవత్సరంలోనే లోలకంతో నడిచే గడియారాన్ని గెలీలియో ఊహించి, కుమారుడు విన్సెంజోకు, వివియానికి వివరించాడు. దానిని తన జీవితంలో నిర్మించలేకపోయాడు. 1656లో హాలెండు శాస్త్రవేత్త హైగెన్స్ లోలక గడియారాన్ని సాధించాడు. 1642 జనవరి 8వ తేదీన గెలీలియో కన్నుమూశాడు. ఘనమైన సమాధికి ఆనాడు అనుమతి లభించలేదు. 1737లో మాత్రమే అతని అస్థికలను ఫ్లోరెన్స్‌లోని శాంతా క్రోచె దేవాలయంలోని స్మారకానికి తరలించారు. విచారణలో జరిగిన పొరపాటును 1992 అక్టోబరులో పోప్ రెండవ జాన్ పాల్ బహిరంగంగా అంగీకరించాడు.

తరగతి గదికి చేరిన వారసత్వం

గ్రంథం అచ్చయిన లైడెన్ నగరంలోనే, ఎనభై యేళ్ల తరువాత, 1717లో ఆచార్యుడైన విల్లెం గ్రావెసాండె చలన నియమాలను విద్యార్థులకు పరికరాలతో ప్రదర్శించి బోధించే పద్ధతిని నెలకొల్పాడు. ముషెన్‌బ్రూక్ అనే పనిమంతుడు అతనికి పరికరాలను తయారుచేసి ఇచ్చేవాడు. ఇంగ్లండులో కేంబ్రిడ్జి ఉపన్యాసకుడైన జార్జి ఆట్‌వుడ్, కప్పీపై దారం వేసి రెండు చివరలా దాదాపు సమానమైన బరువులు కట్టి, పతనాన్ని మందగింపజేసే యంత్రాన్ని 1784లో తన గ్రంథంలో వివరించాడు. గెలీలియో వాలుతో సాధించినదాన్ని అతడు కప్పీతో సాధించాడు. గాలిని తోడివేసిన గాజుగొట్టంలో నాణెం, ఈక కలిసి పడడాన్ని చూపే పరికరం కూడా ఆ శతాబ్దంలోనే బోధనశాలలకు చేరింది.

ఫ్లోరెన్స్ నగరంలో గెలీలియో పేరిట వెలసిన ప్రదర్శనశాలలో 19వ శతాబ్దారంభం నాటి వాలుపలక ఒకటి ఉంది. అది విద్యార్థుల కోసం చేసినది. పలక వెంట ఐదు చిన్న గంటలు అమర్చి ఉంటాయి. వాటి నడుమ దూరాలు సమానం కావు. బేసిసంఖ్యల వరుసలో పెరుగుతూ పోతాయి. గుండు దొర్లుతూ గంటలను మోగిస్తుంది. దూరాలు పెరిగినా మ్రోతలు మాత్రం సమానమైన కాలవ్యవధులలో, ప్రక్కన ఊగే లోలకంతో కలిసి వినిపిస్తాయి. నియమాన్ని లెక్కగా కాక తాళంగా వినిపించే పరికరం అది.

ఇంతటి ప్రసిద్ధి పొందిన ప్రయోగాన్ని కూడా పండితులు సందేహించారు. చెక్కపలకతో, నీటిపాత్రతో అంత ఖచ్చితమైన ఫలితం రావడం అసంభవమని, గెలీలియో మనసులోనే ప్రయోగం చేసి ఉంటాడని 20వ శతాబ్దపు మధ్యకాలంలో అలెగ్జాండర్ కొయ్రే అనే ప్రముఖ చరిత్రకారుడు వాదించాడు. ఆ వాదం చాలామందికి సమంజసంగా తోచింది. 1961లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి థామస్ సెటిల్ వాదానికి దిగక, పలక తెచ్చుకున్నాడు. గాడి గల చెక్కపలకపై గుండును దొర్లించి, పూలకుండీ నుంచి కారే నీటితో కాలాన్ని కొలిచాడు. గెలీలియో చెప్పిన ఫలితాలు చక్కగా వచ్చాయి. సెకనులో పదవ వంతు తేడా కూడా తెలిసింది. 1970ల దశకంలో స్టిల్‌మన్ డ్రేక్ అనే పరిశోధకుడు ఫ్లోరెన్స్ గ్రంథాలయంలోని గెలీలియో చేతివ్రాత కాగితాలలో ప్రయోగాల కొలతలను గుర్తించి ప్రకటించాడు. పలకపై అడ్డంగా తీగలు కట్టి, గుండు వాటిని దాటే చప్పుడును పాట తాళంతో సరిచూసి గెలీలియో కాలాన్ని విభజించి ఉండవచ్చునని డ్రేక్ ఊహించాడు. ఆ ఊహ నిజమైతే, వాద్యకారుడైన తండ్రి నేర్పిన శ్రుతిలయలే పతన నియమానికి తోడ్పడ్డాయన్నమాట.

1971 ఆగస్టు 2వ తేదీన అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రతలంపై నిలిచి ఒక చేత సుత్తిని, మరొక చేత డేగ ఈకను పట్టుకొని ఒకేసారి విడిచాడు. గాలి లేని ఆ చోట రెండూ కలిసి నేలను తాకాయి. అది కొత్త సత్యమేమీ కాదు. ప్రపంచమంతటినీ ఒక తరగతి గదిగా చేసి చూపిన పాత పాఠం.

గెలీలియో కాలం నాటికన్న ఎన్నో రెట్లు మెరుగైన పరికరాలు నేడు బళ్లకు లభిస్తున్నాయి. అయినా వాలుపలక విలువ తరగలేదు. పతన సూత్రాన్ని కంఠస్థం చేసిన విద్యార్థి దానిని గురువు చెప్పాడని నమ్ముతాడు. గుండు చప్పుడును చెవితో విని, దూరాలను స్వయంగా కొలిచి, 1, 4, 9, 16 అని తన పుస్తకంలో వ్రాసుకున్న విద్యార్థి దానిని ఎవరు కాదన్నా విడువడు. తప్పుగా కొలిచితే ఆ తప్పునూ తానే దిద్దుకుంటాడు. ఆ పాఠాన్ని తన ఇంటి భాషలో విన్న విద్యార్థికి దాన్ని ఇంటికి తీసుకుపోయి తల్లికి, తమ్మునికి చెప్పగల సౌలభ్యం కూడా కలుగుతుంది. పండితభాషను ప్రక్కనపెట్టి పనివారి భాషలో శాస్త్రం వ్రాసిన గెలీలియో కోరుకున్నది సరిగా అదే. స్వరాష్ట్రానికి దూరంగా ఉండి కూడా తెలుగులో విజ్ఞానశాస్త్రాన్ని బోధిస్తూ వచ్చిన పాఠశాలల ప్రయోగశాలలో, ఒక చివర ఎత్తిపెట్టిన పాత చెక్కపలక కనిపించినప్పుడు, చూపు కోల్పోయి, బిడ్డను కోల్పోయి, స్వేచ్ఛను కోల్పోయి కూడా ఆ పలకను విడువని వృద్ధోపాధ్యాయుడు స్మరణకు రావడం సముచితం.